ముందుగదిలో కనిపించని చేతులు

డ్రాయింగ్ రూం అనే మాటకి మూలం ‘విత్‌డ్రాయింగ్ రూం’, అంటే పక్కకి తప్పుకునే గది. ఇంగ్లండులో కలిగినవాళ్ళ ఇళ్ళలో రాత్రి భోజనాలయ్యాక మగవాళ్ళు బల్ల దగ్గరే ఉండి మద్యం, పొగాకు, రాజకీయాలతో కాలక్షేపం చేస్తుంటే, ఆడవాళ్ళు లేచి ఈ గదిలోకి వెళ్ళిపోయేవారు. అక్కడ ఆడవాళ్ళ గదిగా పేరుపడిన ఈ గది మన దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. మగవాళ్ళు కూర్చోవడానికీ, వాళ్ళకోసం వచ్చినవాళ్ళు కూర్చోవడానికీ ముందుగది. ఆడవాళ్ళు కాఫీ గ్లాసులతో కర్టెన్ దాకా వచ్చి వెనక్కి వెళ్ళే గది. అయితే ఆ గదిని తుడిచిందీ, సర్దిందీ, అలంకరించిందీ ఎప్పుడూ వాళ్ళే. కూర్చునే హక్కు ఒకరిది, అందంగా ఉంచే బాధ్యత ఇంకొకరిది. మధ్యతరగతి ఇంటి హాలు చరిత్రని ఇక్కడినుంచి మొదలుపెట్టాలనిపిస్తుంది నాకు.

ఈ ఆలోచనకి కారణం మా అక్క కూతురు. అడిక్‌మెట్‌లో మా పాత ఇల్లు బిల్డరుకి డెవలప్‌మెంటుకిచ్చాక వచ్చిన ఫ్లాట్లలో ఒకటి తనకి వచ్చింది. హాలు అలంకరణకి ఒక ఇంటీరియర్ డిజైనర్ని పెట్టుకుంది. ఆయన చూపించిన బొమ్మలన్నిటి కిందా ఒకటే మాట: క్వయిట్ లగ్జరీ. 2023 ప్రాంతంలో బట్టల ఫ్యాషన్ నుంచి మొదలై ఇళ్ళలోకి పాకిన మాట ఇది. గోడలు ఊక రంగులో, బూడిద రంగులో ఉండాలి. సామాను తక్కువగా ఉండాలి. ఉన్న నాలుగూ అసలు చెక్కవీ, అసలు నారవీ అయివుండాలి. మెరుపులు పనికిరావు. షోకేసు అసలే పనికిరాదు. వస్తువు ఖరీదు తెలియనివాళ్ళకి తెలియకూడదు, తెలిసినవాళ్ళకి చూడగానే తెలియాలి. “సింపుల్‌గా ఉంది కదా పిన్నీ” అంది మా పిల్ల. బొమ్మల్లో ఆ గదులు నిజంగానే బావున్నాయి, కంటికి హాయిగా ఉన్నాయి. కాదనను. కాని ఈ సింప్లిసిటీ ఎవరికి సాధ్యం, దానికోసం ఎవరెవరు పనిచెయ్యాలి అన్న ప్రశ్నలు ఆ బొమ్మల్లో కనపడవు.

హైదరాబాదు సంగతే చూడండి. ఇక్కడి దేవిడీల్లో మర్దానా, జనానా వేరువేరుగా ఉండేవి. అతిథుల్ని కూర్చోబెట్టే దివాన్‌ఖానా మర్దానాలోది. సంపద అంతా అక్కడే కనిపించాలి: షాండిలియర్లు, తివాచీలు, బిద్రీ హుక్కాలు, యూరపు గడియారాలు. అటువంటి సేకరణ ఎంతదాకా పోగలదో చూడాలంటే 1951లో దివాన్ దేవిడీలో ప్రజలకోసం తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అందులో అందరూ ఆగి చూసేది ‘వెయిల్డ్ రెబెకా’. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్న పాలరాతి శిల్పం. ముసుగులోంచి స్త్రీ ముఖం కనపడేట్టుగా చెక్కిన శిల్పి నైపుణ్యాన్ని ఒకటిన్నర శతాబ్దంగా మెచ్చుకుంటున్నాం. ఆ రోజుల్లో ఇక్కడి దివాన్‌ఖానాల్లోకి ముసుగుతో ప్రవేశించగలిగిన స్త్రీ రాతి స్త్రీయే.

ఆడంబరం ఇంతగా చెలామణి అయిన నగరంలోనే దానికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషీ ఉన్నాడు. నారాయణగూడ చౌరస్తా దాటి కాస్త ముందుకెళితే కింగ్‌కోఠి వస్తుంది. 1937 ఫిబ్రవరిలో ‘టైమ్’ పత్రిక ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఉన్నది అక్కడే. మాసిన టోపీ, పాత షేర్వాణీ, దుమ్ముపట్టిన గది. 184.75 క్యారట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాలమీద బరువుగా వాడాడన్న కథ హైదరాబాదులో తెలియనివాళ్ళుండరు. మనం నవ్వుకుంటూ, కాస్త ముచ్చటపడుతూ కూడా చెప్పుకుంటాం. అదే పాత షేర్వాణీ చిక్కడపల్లిలో ఒక గుమాస్తా వేసుకుంటే ఎవరూ ముచ్చటపడరు. అదే దుమ్ము గుమాస్తా ఇంట్లో ఉంటే ఆ ఇల్లాలికి పనిచేతకాదంటారు. ఉన్నది దాచుకుని తిరిగితే అది నిరాడంబరత అవుతుంది. లేనిది లేనట్టుగా కనపడితే దరిద్రమవుతుంది. ఇక స్త్రీ విషయంలో అయితే ఆ దరిద్రం ఆమె శీలానికీ, ‘ఇంటిని దిద్దుకునే’ తెలివికీ కూడా అంటగడతారు.

గాంధీని పేదరికంలో ఉంచడానికి ఎంత ఖర్చవుతుందో ఆయనకి తెలియదని సరోజినీనాయుడు హాస్యమాడిందని చెబుతారు. నాంపల్లిలో ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ లాంటి ఇంట్లో అతిథుల రాకపోకల మధ్య బతికిన మనిషి కనక, నిరాడంబరతకి వెనక ఎంత ఏర్పాటు అవసరమో ఆమెకి తెలుసు. ఒక స్త్రీయే ఆ మాట అన్నదంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇంటి లెక్క స్త్రీలకి తెలిసినట్టు మహాత్ములకి తెలియదు.

ఐరోపాలో ఈ ‘తక్కువే అందం’ అనే సిద్ధాంతం తయారైన తీరు కూడా చూడాలి. 1897లో ఎడిత్ వార్టన్, ఆగ్డెన్ కోడ్‌మన్‌తో కలిసి ‘ది డెకరేషన్ ఆఫ్ హౌసెస్’ అనే పుస్తకం రాసింది. నవలలకంటే ముందు ఆమె రాసినది గది అలంకరణ గురించి. తెరలమీద తెరలు, బల్లనిండా బొమ్మలు ఉన్న గదుల్ని కాదని, గది కొలతలకీ ఉపయోగానికీ తగిన పొందికే అందమని వాదించింది. తర్వాత ఆ వాదన మగ వాస్తుశిల్పుల చేతికి వచ్చింది. వియన్నాలో అడాల్ఫ్ లూస్ అలంకారాన్ని నేరంతో జతచేసి వ్యాసం రాశాడు. సంస్కృతి ఎదిగేకొద్దీ వాడుకునే వస్తువులమీద అలంకారం పోతుందన్నాడు. ఇంకా అలంకారాన్ని వదులుకోనివాళ్ళు ఎవరు? అతని లెక్కలో పచ్చబొట్టు పొడుచుకునే ఆదిమజాతులు, నేరస్తులు, పల్లెటూరివాళ్ళు. అలంకారం మానని స్త్రీల గురించీ మరోచోట అదే ధోరణిలో రాశాడు. 1927లో ఇరవయ్యేళ్ళు దాటిన షార్లెట్ పెరియాండ్ పని అడగడానికి లె కార్బుసియె దగ్గరికి వెళితే, మేమిక్కడ కుషన్లమీద కుట్లు కుట్టమన్న అర్థం వచ్చేలా మాట్లాడి పంపించేశాడు. తర్వాత ఆమె చేసిన గది ప్రదర్శనలో చూసి పిలిచి పనిచ్చాడు. వాళ్ళు కలిసి చేసిన ఇనుప గొట్టాల కుర్చీలు చాలాకాలం ‘ఎల్‌సి’ అని అతని పేరు పొడి అక్షరాలతోనే అమ్ముడయ్యాయి. ఐలీన్ గ్రే ఫ్రాన్సు సముద్రతీరంలో తెల్లటి గోడలతో కట్టిన ఇంటిమీద అదే లె కార్బుసియె 1938లో ఆమెని అడక్కుండా పెద్దపెద్ద బొమ్మలు వేశాడు. గోడ ఖాళీగా ఉండాలన్న సూత్రం ఆ గోడ స్త్రీ కట్టినదైతే వర్తించలేదు.

కుషన్లమీద కుట్లు అన్నమాట దగ్గర నేను అడిక్‌మెట్‌కి తిరిగి రావాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైనప్పుడు గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్ళలో ఉండేది. శాశ్వతమైన చోటుగా ఊరిబయట అడిక్‌మెట్ నేలని ఎంచుకున్నారు. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. ఆ భవనం చుట్టుపక్కల ఊరు మెల్లగా బస్తీ అయింది. గుమాస్తాలు, టీచర్లు, విద్యార్థులు, అజామాబాద్ ఫ్యాక్టరీల కార్మికులు పోర్షన్లలో అద్దెకి చేరారు. మా అమ్మ పెళ్ళయి వచ్చినప్పుడు మాది రెండు గదుల పోర్షను. షాబాద్ బండలు, గోడలకి సున్నం. ముందుగదిలో నవారుమంచం, రెండు ఇనప మడత కుర్చీలు, నాన్న పడక్కుర్చీ. దాన్ని అలంకరించడానికి అమ్మ దగ్గర డబ్బు లేదు, చేతులున్నాయి. రేడియోమీద క్రోషియా గుడ్డ. కుర్చీ వీపులకి ఎంబ్రాయిడరీ తొడుగులు, వాటిమీద లేజీడేజీ కుట్టుతో పువ్వులు. గుమ్మానికి పాత చీర అంచులతో కర్టెను. గోడకి ఫ్రేము కట్టించిన నల్లగుడ్డమీద ఊలుతో రెండు హంసలు. ప్లాస్టిక్ వైరు బుట్ట. దసరాకి ముందు సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి గోడలు తనే వేసేది.

ఈ కుట్లూ అల్లికలూ ఎక్కడినుంచి వచ్చాయి? ఆడపిల్లల చదువుతోపాటు వచ్చాయి. 1928లో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో తెలుగు బాలికల పాఠశాల మొదలైంది. అటువంటి బడుల్లో లెక్కలతో, తెలుగుతోపాటు కుట్టుపని కూడా నేర్పేవారు. అదే సంవత్సరం మద్రాసులో కె.ఎన్.కేసరి ప్రారంభించిన స్త్రీల పత్రిక పేరు ‘గృహలక్ష్మి’. రచయిత్రులని గౌరవించడానికి ఆ పత్రిక ఇచ్చిన బహుమతి స్వర్ణకంకణం. రాసే చేతికి కూడా గాజే తొడగాలనిపించింది ఆ కాలానికి! దుర్గాబాయి 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళాసభ తర్వాత హైదరాబాదుకీ విస్తరించి, మా ఇంటికి దగ్గర్లోనే, విశ్వవిద్యాలయానికి వెళ్ళే దారిలో ఆసుపత్రినీ విద్యాసంస్థల్నీ నడిపింది. చదువు ఆగిపోయిన స్త్రీలకి చదువూ, దానితోపాటు చేతిపనీ. కొందరికి ఆ పని జీతమైంది. మా అమ్మలాంటివాళ్ళకి హాలులో తమ గుర్తుగా మిగిలింది. ఇంటి పట్టా నాన్న పేర, గుమ్మం మీద బోర్డు నాన్న పేర, పడక్కుర్చీ నాన్నది. ఆ గదిలో ‘ఇది నేను చేశాను’ అని అమ్మ చెప్పుకోగలిగినవి ఆ క్రోషియా గుడ్డా, రెండు హంసలే.

డెబ్బయ్యో దశకంనుంచి ఆ గది మారడం మొదలైంది. బాగ్‌లింగంపల్లిలో హౌసింగ్‌బోర్డు వాళ్ళు కట్టిన ఇళ్ళకి పేర్లే ఆదాయాన్నిబట్టి: ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. వాటితో ముందుగది పోయి ‘హాలు’ వచ్చింది. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలయ్యాక కుర్చీలన్నీ టీవీ వైపు తిరిగాయి. ఆల్విన్ ఫ్రిజ్ కొన్నవాళ్ళు దాన్ని వంటింట్లో కాక హాలులో పెట్టారు. వంటింట్లో చోటులేక అనేవాళ్ళు. చోటుండీ హాలులోనే పెట్టినవాళ్ళు నాకు తెలుసు. ఫ్రిజ్ మీద ఒక గుడ్డ, ఆ గుడ్డమీద ఒక ఫ్లవర్‌వేజు. షోకేసులో కొండపల్లి అంబారీ, నిర్మల్ ప్లేటు, పిల్లల కప్పులు, ఎవరో దుబాయ్‌నుంచి తెచ్చిన బొమ్మ. ఉన్నదంతా చూపించుకోవాలన్న ఆరాటం అందులో ఉంది. మొదటిసారి ఏదైనా సంపాదించుకున్నవాళ్ళ ఆరాటం అది. దాన్ని నేను వెక్కిరించలేను.

వెక్కిరించినవాళ్ళున్నారు. నాన్న పై ఆఫీసరు భార్య ఒకావిడ మా ఇంటికి వచ్చి, క్రోషియా గుడ్డ అంచు రెండువేళ్ళతో ఎత్తి చూసి, “ఇవన్నీ తీసేస్తే గది ఎంత డీసెంట్‌గా ఉంటుందో!” అంది. నవ్వుతూనే అంది. ఆవిడ వెళ్ళాక అమ్మ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు రేడియోమీది గుడ్డ లేదు. హంసలు కొన్నాళ్ళకి లోపలిగదిలోకి వెళ్ళాయి. అభిరుచి అనేది ఒకరికి పుట్టుకతో వస్తుందనీ, ఇంకొకరు నేర్చుకోవాలనీ అనుకునే చోట ఒక స్త్రీ ఇంకొక స్త్రీ చేతిపనిని ఇలాగే తుడిచేస్తుంది. పెరియాండ్‌తో లె కార్బుసియె అన్నమాటా, మా అమ్మతో ఆఫీసరు భార్య అన్నమాటా ఒక కుదురులోంచి వచ్చినవే.

మా పిల్ల హాలు ప్లాను చూస్తున్నప్పుడు గోడకి ‘లైమ్‌వాష్’ అని రాసివుంది. చదరపు అడుగుకింత అని విడిగా రేటు. నేల ‘మైక్రోసిమెంట్’, చేత్తో అలికినట్టు మచ్చలుమచ్చలుగా కనపడుతుందట. అదే దాని ప్రత్యేకతట. లైమ్‌వాష్ అంటే సున్నమేనమ్మా అన్నాను. ఆ డిజైనరు మర్యాదగా, “ఫినిష్ వేరుంటుంది మేడమ్” అన్నాడు. వేరుంటుంది, నిజమే. మా అమ్మ వేసింది ఇంటిపని. అందుకు రేటు లేదు. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో చదువుకున్న అమ్మాయి పెళ్ళయి వచ్చి, ఇంటిని అద్దంలా తీర్చిదిద్దుకుంటూ, ఆ పనిలో పడి తన పేరే మర్చిపోతుంది. అలికిన చేతిని మరుగుచేసే గుణం ఇంటికి ఎలా ఉందో ఆ కథకంటే బాగా చెప్పినది నేను చదవలేదు. అలికిన మచ్చల్ని అందంగా అమ్మే ఈ రోజుల్లో కూడా ఆ పేరు ఎవరికీ జ్ఞాపకం రావడం లేదు.

తక్కువ వస్తువులతో గది అందంగా ఉండాలంటే ఆ కొద్దివస్తువులూ చేనేతవీ, చేతిపనివీ అయివుండాలి. అంటే మా అమ్మ చేతిపనిని హాలులోంచి పంపించేసి, వేరే స్త్రీల చేతిపనిని కొని తెచ్చుకున్నామన్నమాట. మా పిల్ల కొన్న దరీ వరంగల్‌ది. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనకి వెళ్ళినంత పేరున్నవి. వరంగల్ దరీలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్ కేంద్ర కారాగారంలో ఖైదీలు కూడా దరీలు నేసేవారు. 2021లో ఆ జైలుని కూలగొట్టి ఆసుపత్రికి స్థలమిచ్చారు. కుషన్లు పోచంపల్లి ఇక్కత్. ఇక్కత్‌కి రంగులద్దేముందు దారాన్ని మేకుల చుట్టూ అటూఇటూ తిప్పే ‘ఆసు పోయడం’ ఇంటి ఆడవాళ్ళ పని. ఒక్క చీరకి ఆ చెయ్యి వేలసార్లు కదలాలి. ఆసు పోసీ పోసీ తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడటం చూసి చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. కొడుకు యంత్రం చేసేదాకా ఆ నొప్పి నేతపనిలో భాగంగా లెక్కకే రాలేదు.

అలాగని చేనేత కొనడం తప్పని నేననడం లేదు. ఎలా కొంటున్నాం, ఎవరి చేత చేయిస్తున్నాం అన్నది ముఖ్యం. హైదరాబాదులో సురయ్యా హసన్ బోస్ చేసినది గుర్తుచేసుకోవాలి. హిమ్రూ, మష్రూ నేతలు అంతరించిపోతున్నప్పుడు ఆమె మగ్గాలు పెట్టించి, భర్తలు పోయిన స్త్రీలకి ఆ పని నేర్పించింది. వాళ్ళ పిల్లలకోసం పక్కనే బడి నడిపింది. 2021లో ఆమె చనిపోయింది. మష్రూ బట్టలో పట్టు పైకి కనిపిస్తుంది, ఒంటికి తగిలేది నూలు. పైకి కనిపించని దానిమీదే ఆ బట్ట నిలుస్తుంది. ఆ నూలు సంగతి పట్టించుకున్న మనిషి ఆమె.

ఇక రోజువారీ పని. షోకేసు, ముదురురంగు సోఫా ఉన్న హాలులో కాస్త దుమ్ము దాగుతుంది. తెల్లటి లినెన్ సోఫా, ఖాళీ బల్ల ఉన్న హాలులో కాఫీ చుక్క పడినా కనపడుతుంది. విద్యానగర్ మెయిన్‌రోడ్డు దుమ్ముకి అభిరుచి తెలియదు. మా పిల్ల ఇంట్లో పనిచేసే ఆమె ఆ సోఫాని మొదటిసారి చూసి, “కూసునేటందుకా అమ్మా, సూసేటందుకా?” అని అడిగింది. ఇప్పుడు రోజుకి రెండుసార్లు తుడుస్తుంది. జీతం ఒక పూటకే. ఇంటిపనివారి హక్కులకోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికని మన దేశం ఇంకా ధ్రువీకరించలేదు. పనిమనిషి రానిరోజు ఆ పని ఎవరిమీద పడుతుందో చెప్పక్కర్లేదు. 2024 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. గది ఎంత నిశ్శబ్దంగా ఉంటే దాని వెనక అంత పని ఉన్నట్టు లెక్క.

మరి స్త్రీలకి అందమైన గది అక్కర్లేదా? ఎందుకక్కర్లేదు! అబ్బూరి ఛాయాదేవిగారు పారేసే వస్తువులతో బొమ్మలు చేసేవారు. ఆ బొమ్మల్లో ఆవిడ హాస్యమూ, ఒద్దికా రెండూ ఉండేవి. ఖర్చులేని అలంకరణ అది, ఎవరి చేతినీ దాచనిది. ఆవిడే ‘బోన్‌సాయ్ బ్రతుకు’ కూడా రాశారు. కుండీలో మొక్కని కత్తిరించి, ఒదిగించి, ఇంట్లో ముచ్చటగా పెట్టుకోవడం చూసి, ఆడపిల్ల పెంపకాన్ని తలుచుకునే కథ. ఈనాటి క్వయిట్ లగ్జరీ హాలు బొమ్మల్లో కూడా ఓ మూల బోన్‌సాయ్ తప్పకుండా ఉంటోంది. ఆ కథ చదివినవాళ్ళకి దాన్ని వట్టి అలంకారంగా చూడటం కష్టం.

మా పిల్ల ఉస్మానియాలో పరిశోధన చేస్తోంది. ప్లానులో ‘హోం ఆఫీస్’ అని రాసిన చిన్నగది భర్తది. తన పుస్తకాలకి హాలులో పిడులు కూడా కనిపించని మూత బీరువాలు. బయట కనపడితే క్లట్టరట. రాసుకోవడానికి డైనింగ్ టేబులుంది కదా అన్నారు. జేన్ ఆస్టెన్ అందరూ తిరిగే ముందుగదిలోనే నవలలు రాసుకుంది. తలుపు కిర్రుమంటే బాగుచెయ్యనివ్వలేదనీ, ఆ చప్పుడుకి కాగితాలు దాచుకునేదనీ ఆమె మేనల్లుడు రాశాడు. వర్జీనియా వుల్ఫ్ దాన్ని గుర్తుచేసుకుంటూ స్త్రీకి సొంతగది కావాలంది. సొంతగది ఇంకా అందరికీ అందలేదు. అందని వాళ్ళు ముందుగదినయినా అడగొచ్చు కదా, కాగితాలు దాచుకోనక్కర్లేకుండా!

ఈ చరిత్రంతా మా పిల్లకి చెప్పాను. తను డిజైనరుతోనూ, భర్తతోనూ రెండువారాలు వాదించింది. చివరికి తెల్ల సోఫాలో ఒక ముక్క తగ్గింది. ఆ చోట, రోడ్డువైపు కిటికీ పక్కన, ఒక మామూలు టేకు బల్ల వచ్చింది. దానిమీద తెరిచిన పుస్తకాలు, ప్రింటవుట్లు, టీ మరకలు. ఎవరైనా వస్తున్నారంటే వాటిని సర్దకూడదని ఇంట్లో ఒప్పందం. పనిచేసే ఆమెకి రెండోపూట జీతం గురించి ఇంకా మాట్లాడుతున్నారు. అదీ తేలాలి.